నాన్నగారి ఫోన్ నాన్నగారికి ఇచ్చేయండి

డాలస్‌లో ఉంటున్న ఒక అబ్బాయి ఉత్తరం ఇది. రైల్వేలో రిటైరై కాజీపేటలో ఉంటున్న తండ్రి, పోలీసులమంటూ వీడియో కాల్‌లో బెదిరించి డబ్బు గుంజే 'డిజిటల్ అరెస్ట్' మోసానికి రెండు రోజులు భయపడి నాలుగు లక్షలు పోగొట్టుకున్నారు. కొడుకు ఆయన స్మార్ట్‌ఫోన్ తీసేసి బటన్ ఫోన్ ఇప్పించాడు, హాల్లో కెమెరా పెట్టించాడు. ఆయన ఇప్పుడు మాట్లాడటం మానేశారు. ఇంకా ఏ యాప్ పెడితే సేఫ్ అని ప్రశ్న.

యాప్ సంగతి వదిలేయండి. ఆ రెండు రోజుల మధ్యలో మీరు ఫోన్ చేస్తే ఆయన 'బాగానే ఉన్నాం' అని పెట్టేశారని రాశారు. నాకు అక్కడే మనసు చివుక్కుమంది. 'ఇంట్లో ఎవరికీ చెప్పొద్దు' అన్న మాట మీదే ఆ దొంగల వ్యాపారమంతా నడుస్తుంది. అంతకుముందు కరెంటు బిల్లు రెండుసార్లు కట్టినందుకు 'నీకు తెలీదు, ఊరుకో నాన్నా' అని కసిరానని మీరే రాశారు. ఇక ఆయన మీతో ఎలా చెప్పుకుంటారు?

ఆయన పెన్షన్, ఆయన ఇల్లు. అక్కడ కూర్చున్నా లేచినా కొడుకు చూస్తుంటే మనిషికి ఎలా ఉంటుంది? అమ్మగారిని ఒక్కసారైనా అడిగారా? ఆ కెమెరా తీయించండి. తలుపు బయట ఉంచుకోవాలంటే వాళ్లిద్దరూ సరే అన్నాకే.

నిరుడు నవంబర్‌లో పెన్షన్ కోసం ఏటా ఇచ్చే జీవన్ ప్రమాణ్ (బతికే ఉన్నామని తెలిపే) సర్టిఫికెట్ ఆయనే ఫోన్‌లో ముఖం చూపించి ఇంట్లోంచే పంపారన్నారు. అంత నేర్చుకున్న మనిషి చేతిలోంచి ఫోన్ లాక్కుంటే మనవరాలి వీడియో కాల్, పాత స్నేహితుల వాట్సాప్ గ్రూపు కూడా పోయాయి.

ఫోన్ ఇచ్చి, 'ఆరోజు కసిరినందుకు తప్పు నాదే నాన్నా' అనండి. తర్వాత వీడియో కాల్‌లో ఆయన చేతే వాట్సాప్‌లో తెలియని నంబర్ల కాల్స్ మోగకుండా పెట్టించండి. మన చట్టంలో డిజిటల్ అరెస్ట్ అనేదే లేదని, డబ్బు మనకు రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదని నిదానంగా చెప్పండి. పెన్షన్ ఖాతాకు యూపీఐ లేకుండా, ఖర్చులకు చిన్న ఖాతా వేరే పెట్టుకుంటారేమో అడగండి. నిర్ణయం ఆయనదే.

సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేశారో లేదో మీరు రాయలేదు. చేయకపోతే ఇవాళే చేయాలి. ఆయన చేతే చేయించండి, మీరు లైన్లో ఉండండి.