చిత్తూరులో షాపు పెడుతున్న మేనల్లుడికి

అల్లుడూ,

చిత్తూరులో కంప్యూటర్ రిపేర్ షాపు పెడుతున్నావని మీ అమ్మ రాత్రి ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషంరా. తిరుపతిలో నేను ఈ బల్ల ముందు కూర్చుని ఇరవై రెండేళ్లు దాటింది. కోర్సులో నువ్వు నేర్చుకున్నది మళ్లీ చెప్పను. సిస్టమ్ బల్ల మీదికి వచ్చాక ఏం చెయ్యాలో నాకు తెలిసినంత రాస్తాను.

"డిస్‌ప్లే రావడం లేదు" అనగానే స్క్రూడ్రైవర్ అందుకోకు. ముందు క్యాబినెట్ వెనక్కి తిప్పి చూడు. గ్రాఫిక్స్ కార్డు ఉన్న సిస్టమ్‌లో మానిటర్ కేబుల్‌ని పైనున్న మదర్‌బోర్డు పోర్టుకు పెట్టేసి, కార్డు పోయిందని తెచ్చేవాళ్లు నెలకు ఇద్దరైనా ఉంటారు. కేబుల్ కింద కార్డుకు మార్చి పంపించు, డబ్బులు అడగకు. ఆ మనిషి రేపు ఇంకో నలుగురికి నీ షాపు చెబుతాడు.

పాత మానిటర్లకు వాడే వీజీఏ కేబుల్ అయితే మూతి లోపల లైటు వేసి చూడు. మూడు వరుసల్లో పదిహేను పిన్నులకు చోటు ఉంటుంది. మధ్య వరుసలో ఒకటి లేకపోతే విరిగిందనుకుని కంగారు పడొద్దు, తొమ్మిదో పిన్ను చాలా కేబుళ్లకు తయారీలోనే పెట్టరు. వంగిన పిన్ను ఉంటే సన్నటి ట్వీజర్‌తో కొంచెం కొంచెంగా నిలబెట్టు. ఒకే ఊపులో లాగితే మొదట్లోనే తెగుతుంది.

బలం పెట్టకూడదన్న మాట అన్ని పోర్టులకూ వర్తిస్తుంది. డిస్‌ప్లేపోర్టు కేబుళ్లలో చాలావాటికి లాక్ ఉంటుంది, నొక్కి పట్టి లాగాలి. అది తెలియక గుంజి, పోర్టునే ఊడబీకి తెచ్చినవాళ్లను చూశాను.

టైప్-సి గురించి కస్టమర్లకు ఓపికగా చెప్పాలి. రంధ్రం ఆకారం ఒకటే అయినా పని ఒకటే కాదు. ఒక ల్యాప్‌టాప్‌లో అదే పోర్టు ఛార్జింగ్ తీసుకుంటుంది, టీవీకి బొమ్మ కూడా ఇస్తుంది. ఇంకోదాంట్లో డేటా మాత్రమే వెళ్తుంది. పోర్టు పక్కన గుర్తు ఉందేమో చూడు, లేకపోతే మోడల్ నంబర్‌తో వెతికి చూశాకే అడాప్టర్ అమ్ము. కేబుళ్లలోనూ ఛార్జింగ్‌కు తప్ప దేనికీ పనికిరానివి ఉంటాయి. ఫోన్ కనపడటం లేదంటే ముందు కేబుల్ మార్చి చూడు.

మీ ఊళ్లో నీకు ఎక్కువ పనికొచ్చేది పాత సీరియల్ పోర్టు. జూన్, జూలైలో తోతాపురి లారీలు వరుస కట్టినప్పుడు గుజ్జు ఫ్యాక్టరీల కాటా దగ్గర సిస్టమ్ ఆగితే నిమిషం నిమిషానికీ టెన్షనే. పాల సేకరణ కేంద్రాల్లోనూ తూకం మిషన్‌ను సిస్టమ్‌కు కలిపే చోట ఈ పోర్టే కనిపిస్తుంది. రెండు వరుసల్లో తొమ్మిది పిన్నులు, బయటికి పొడుచుకుని ఉంటాయి. కొత్త సిస్టముల్లో చాలావాటికి ఇది ఉండదు కాబట్టి యూఎస్‌బీ కన్వర్టర్ పెడతాం. కన్వర్టర్‌ను ఒక యూఎస్‌బీ నుంచి ఇంకోదానికి మారిస్తే సిస్టమ్ దానికి ఇచ్చే కామ్ పోర్టు నంబర్ మారిపోవచ్చు, అప్పుడు సాఫ్ట్‌వేర్‌కు బరువు రాదు. కన్వర్టర్ పెట్టిన చోట స్టిక్కర్ అంటించి నంబర్ రాసిపెట్టు. సీజన్‌లో అర్ధరాత్రి ఫోన్లు తగ్గుతాయి.

ఇక లోపలికి. 2009లో ట్యూషన్ చెప్పుకునే ఒక టీచరమ్మ సిస్టమ్ తెచ్చారు. ఆన్ చేస్తే పొడుగ్గా బీప్‌లు, తెర మీద ఏమీ లేదు. నేను సరిగ్గా చూడకుండానే బోర్డు పోయిందన్నాను. ఆమె అప్పు చేసి కొత్త బోర్డు వేయించుకున్నారు. వారం తర్వాత మూలన పడేసిన ఆ పాత బోర్డులో ర్యామ్ తీసి తుడిచి పెట్టాను, ఆన్ అయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే వాళ్లింటికి వెళ్లి డబ్బు చేతిలో పెట్టి వచ్చాను. అప్పటి నుంచి ర్యామ్ తీసి పెట్టకుండా బోర్డు పోయిందన్న మాట నా నోట రాలేదు.

అది ఎలా చెయ్యాలంటే, ముందు ప్లగ్ పూర్తిగా పీకెయ్. పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకో, మిగిలిన కరెంటు పోతుంది. క్యాబినెట్ ఇనుమును ఒకసారి ముట్టుకో, ఒంట్లో ఉన్న స్టాటిక్ అక్కడే దిగిపోతుంది. ర్యామ్‌ను అంచులు పట్టుకుని తీసి, అడుగున ఉన్న బంగారు రంగు పళ్లను మెత్తటి పెన్సిల్ రబ్బరుతో తేలిగ్గా రుద్దు. రబ్బరు పొడి ఒక్క రేణువు కూడా మిగలకుండా బ్రష్‌తో దులుపు. స్లాట్‌లో దుమ్ము ఉంటే బ్లోయర్ కొట్టు, నోటితో ఊదకు, తడి పడుతుంది. పెట్టేటప్పుడు గాటు చూసుకో. డీడీఆర్4కీ డీడీఆర్5కీ పళ్లు 288 చొప్పునే ఉన్నా గాటు చోటు వేరు, ఒకదాని స్లాట్‌లో ఇంకోటి కూర్చోదు. రెండు చివర్లా బొటనవేళ్లతో సమానంగా నొక్కితే టక్‌మని క్లిప్ పడుతుంది. ఆ చప్పుడు వినిపించలేదంటే సరిగ్గా కూర్చోలేదని అర్థం.

మదర్‌బోర్డు మీద నాణెంలా కనిపించే సీఆర్2032 బ్యాటరీని చిన్నచూపు చూడకు. మూడు వోల్టుల ఆ బిళ్ల అయిపోతే ప్లగ్ తీసిన ప్రతిసారీ తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. తేదీ తప్పైతే బ్రౌజర్ సైట్లు సురక్షితం కాదని ఆపేస్తుంది. కౌన్సెలింగ్ ఆప్షన్లు పెట్టాల్సిన రోజు ఒక పిల్ల ఏడుస్తూ వచ్చింది, వైరస్ అనుకుందట. బ్యాటరీ మార్చి తేదీ సరిచేస్తే అయిపోయింది.

సిస్టమ్‌కు కరెంటు ఇచ్చే డబ్బా ఎస్ఎమ్‌పీఎస్. దాని వైర్లలో పసుపుది 12 వోల్టులు, ఎరుపుది 5, నారింజది 3.3. మల్టీమీటర్‌తో బయట నుంచే చూడు. దాని డబ్బా మాత్రం విప్పొద్దు నాయనా. ప్లగ్ తీసినా లోపలి కెపాసిటర్లలో 300 వోల్టులు దాటి నిలిచి ఉండొచ్చు. ఈ ఒక్క విషయంలో నా మాట వినాలి.

హార్డ్ డిస్క్ టిక్ టిక్ అంటుంటే మళ్లీ మళ్లీ ఆన్ చెయ్యకు, ఉన్న డేటా కూడా పోతుంది. అడగకుండా ఎవరి డిస్కూ ఫార్మాట్ చెయ్యకు. అందులో చనిపోయిన వాళ్ల ఫోటోలు ఉండొచ్చు.

నా దగ్గర రెండు సీరియల్ కార్డులు, మంచి మల్టీమీటర్ ఒకటి నీకోసం పక్కన పెట్టాను. ఆదివారం వచ్చి పట్టుకెళ్లు. మీ అమ్మను కూడా తీసుకురా, చూసి చాలా రోజులైంది.

మీ మామ