మెయిల్‌బాక్స్ నిండిందని మెయిలొస్తే ఏం చేయాలె?

ప్రశ్న: అన్నా నమస్తే. మాది వరంగల్ కొత్తవాడ. మా అత్తమ్మోళ్లు జంపఖానాలు నేస్తరు, నేను ఫేస్‌బుక్ పేజీ పెట్టి ఆర్డర్లు తీసుకుంట. పేజీ మీద, విజిటింగ్ కార్డు మీద, ఎగ్జిబిషన్ స్టాల్ ఫ్లెక్సీ మీద అన్నిట్ల నా జీమెయిల్ ఐడీనే ఉంటది. ఇప్పుడు రోజూ కుప్పలు కుప్పలుగ చెత్త మెయిల్స్ వస్తున్నయ్. మొన్న ‘మీ మెయిల్‌బాక్స్ నిండిపోయింది, 24 గంటల్లో వెరిఫై చేయకపోతే అకౌంట్ బంద్ అయితది’ అని ఒకటొచ్చింది, గూగుల్ లోగో కూడా ఉన్నది. నొక్కి పాస్‌వర్డ్ కొట్టిన, పేజీ తెల్లగ అయిపోయింది, ఇంకేం రాలే. ఇది మోసమేనా? ఈ ఐడీ తీసేసి కొత్తది పెట్టుకోవాల్నా?
– ఓ చెల్లె, కొత్తవాడ

జవాబు: మోసమే చెల్లె. ఇంకా పాస్‌వర్డ్ మార్చకపోతే ఈ పేజీ పక్కన పెట్టి ముందు ఆ పని చెయ్, మెయిల్‌ల వచ్చిన లింకు నుంచి కాదు, ఫోన్‌ల నీ గూగుల్ అకౌంట్ సెట్టింగ్స్‌లకు నువ్వే పోయి మార్చు. అదే పాస్‌వర్డ్ ఫేస్‌బుక్‌కో ఇంకేదానికో పెట్టి ఉంటే అక్కడ కూడా మార్చాలె. తర్వాత సెక్యూరిటీ అనే చోట ‘మీ డివైజ్‌లు’ అని ఉంటది, అండ్ల నీది కాని ఫోనో కంప్యూటరో కనిపిస్తే సైన్ అవుట్ కొట్టు, రికవరీ ఫోన్ నంబర్ నీదే ఉన్నదా ఎవడన్న మార్చిండా అది కూడా చూడు.

చానామంది ఇక్కడికి ఆగిపోతరు, అసలు ప్రమాదం ఇంకోతాన ఉంటది. మెయిల్‌లకు దూరిన దొంగ గడబిడ ఏం చేయడు, సప్పుడు లేకుంట ఫార్వర్డింగ్ పెట్టిపోతడు, అంటే నీకొచ్చే ప్రతి మెయిల్ కాపీ వానికి కూడా పోతనే ఉంటది, నువ్వు పాస్‌వర్డ్ మార్చినంక కూడా. లేకపోతే ఫిల్టర్ పెడతడు, ‘పేమెంట్’ అనే మాట ఉన్న మెయిల్స్ నీకు కనపడకుంట డైరెక్టుగ ట్రాష్‌ల పడేటట్టు. ఇగ నీ కస్టమర్‌కు నీ పేరు మీదనే ‘మా బ్యాంకు అకౌంట్ మారింది, పైసలు దీంట్ల వెయ్యండి’ అని పంపుతడు, వాళ్లు నువ్వే అనుకొని వేస్తరు, మీ అత్తమ్మోళ్లు మగ్గం మీద కూసొని నేసిన జంపఖానాల పైసలు ఎవనికో పోతయ్. అందుకని కంప్యూటర్‌ల జీమెయిల్ తెరిచి సెట్టింగ్స్‌ల ‘ఫార్వర్డింగ్’, ‘ఫిల్టర్స్’ రెండూ చూడు, ఫోన్ యాప్‌ల ఇవి దొరకయ్, ఇంట్ల కంప్యూటర్ లేకపోతే నమ్మకమున్న మనిషి లాప్‌టాప్ అడుగు. పాత కస్టమర్లకు కూడా ఒక ఫోన్ కొట్టి చెప్పు, అకౌంట్ నంబర్ మారిందని మెయిలొస్తే నాతోని మాట్లాడకుంట పైసలు వెయ్యొద్దని.

ఐడీ తీసెయ్యనీకె మాత్రం నేను వద్దంట. అమ్ముకునేటోళ్ల అడ్రస్ నలుగురికి తెల్వాలె, తెలిస్తే చెత్త కూడా వస్తది, అండ్ల నీ తప్పేం లేదు. 1978 మే 3న అమెరికాల ఒక కంప్యూటర్ కంపెనీ మార్కెటింగ్ మనిషి అర్పానెట్ అనే నెట్‌వర్క్ మీద దాదాపు 400 మందికి ఒకేసారి ప్రకటన పంపిండు, మొదటి స్పామ్ అదే అంటరు, ఆ అడ్రసులు కూడా అచ్చేసిన డైరెక్టరీల నుంచి తీసినయే. నువ్వు చేయాల్సిందేందంటే ఇంకో ఐడీ తెరువు, బ్యాంకుకు, జీఎస్టీకి, ఆధార్‌కు అదొక్కటే ఇయ్యి, దాన్ని ఏ కార్డు మీదా వేయకు. గప్పుడు పాత ఐడీకి బ్యాంకు పేరు మీద ఏదన్న వస్తే చదవకముందే తెలుస్తది అది దొంగదని.

పంపినోని పేరు ఏమున్నా నమ్మకు, పేరు ఎవడైనా ఏమైనా పెట్టుకోవచ్చు, దాన్ని నొక్కితే అసలు అడ్రస్ కనపడతది. లింకును కూడా ఫోన్‌ల వేలు పెట్టి కాసేపు ఒత్తిపట్టు, తెరుచుకోకుంట అడ్రస్ మాత్రం చూపిస్తది. ఆ అడ్రస్‌ను మొదటి నుంచి కాదు, కుడిపక్క నుంచి చదవాలె. ‘గూగుల్ డాట్ కామ్ డాట్ ఏదోపేరు డాట్ టాప్’ అని ఉంటే ముందున్న గూగుల్ వట్టిదే, సైటు ఆ ‘ఏదోపేరు’ అనేటోనిది. మధ్యల వాలు గీత (/) ఉంటే ఆ గీత తర్వాతది చూడకు, మొదట్ల ఉండే ‘https://’ పోను మొదటి వాలు గీతకు ముందున్న ముక్కల్లనే అసలు ఓనర్ ఉంటడు. బ్యాంకుల సంగతికొస్తే రిజర్వ్ బ్యాంక్ 2025 అక్టోబర్ 31 లోపల మన బ్యాంకుల సైట్లన్నీ ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’కు మారాలని చెప్పింది, కాబట్టి బ్యాంకు లింకు అని వచ్చి చివర అది లేకపోతే నొక్కకు.

టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకో, గానీ దొంగ పేజీ పాస్‌వర్డ్‌తో పాటు ఓటీపీ కూడా అడిగి తీసుకుంటది, అందుకే వీలైతే పాస్‌కీ (పాస్‌వర్డ్ బదులు ఫోన్ లాక్‌తోనో వేలిముద్రతోనో లాగిన్ అయ్యేది) పెట్టుకొమ్మంట, అది అసలు సైటు మీద తప్ప నకిలీ పేజీ మీద పని చేయదు. చెత్త మెయిల్స్‌కు జవాబియ్యకు. నువ్వు కొన్న షాపు నుంచి వచ్చే ఆఫర్లయితే అన్‌సబ్‌స్క్రైబ్ కొట్టొచ్చు, ముక్కూ మొహం తెల్వనోని దాంట్ల మాత్రం ఆ బటన్ ముట్టకు, ఈ ఐడీ నడుస్తున్నదని వానికి తెలిసిపోతది. స్పామ్ అని రిపోర్ట్ కొట్టు, మోసమైతే ‘రిపోర్ట్ ఫిషింగ్’ కొట్టు. కొత్త బయ్యర్ ‘పర్చేజ్ ఆర్డర్’ అని జిప్ ఫైలో, తెరిస్తే పాస్‌వర్డ్ అడిగే ఫైలో పంపితే తెరవకు, ఏ సైజు ఏ రంగు ఎన్ని కావాలో మెయిల్‌లనే రాయమను, నిజంగ కొనేటోడు రాస్తడు.

ప్రశ్న: మా తమ్మునికి దుబాయ్ కంపెనీ నుంచి మెయిల్‌ల ఆఫర్ లెటర్ వచ్చింది, వీసా ప్రాసెసింగ్‌కు పైసలు కట్టాలంటున్నరు. అడ్రస్ మామూలు జీమెయిల్ ఉన్నది. కట్టొచ్చా సార్?
– ఓ పాఠకుడు, జగిత్యాల

జవాబు: కట్టొద్దు తమ్మీ. పెద్ద కంపెనీ పేరు చెప్పుకుంట ఊరికే దొరికే ఐడీ నుంచి ఆఫర్ లెటర్ పంపితే అక్కడనే అనుమానపడాలె. నడుమ ఏజెంట్ ఉన్నడంటే ఆయన పేరు కేంద్ర విదేశాంగ శాఖ ఈమైగ్రేట్ సైటుల ఉన్నదో లేదో చూడు, రిజిస్టర్ అయిన ఏజెంట్ సర్వీస్ ఛార్జి 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకుమించి తీసుకోవద్దని రూల్ ఉన్నది. విదేశాల ఉద్యోగాలకు పంపే మన రాష్ట్ర సర్కారు సంస్థ టామ్‌కామ్ ఉన్నది, అక్కడ కూడా అడగొచ్చు. ఒకవేళ ఇప్పటికే పైసలు పంపితే ఇప్పుడే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ కొట్టు, సిగ్గుపడి ఎవరికీ చెప్పకుంట కూసోవద్దు, పైసలు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు దాటకముందే పట్టుకుంటెనే ఆగుతయ్. ఫోన్ కలవకపోతే కేంద్రపు సైబర్‌క్రైమ్ పోర్టల్‌ల రాయి, ఆ మెయిల్ డిలీట్ చేయకు, అదే సాక్ష్యం. పాస్‌పోర్ట్ కాపీ పంపినవా లేదా రాయలే నువ్వు, పంపి ఉంటే కంప్లైంట్‌ల ఆ ముచ్చట కూడా రాయి.

ప్రశ్న: నా జీమెయిల్ ఐడీల నడుమ చుక్క ఉంటది. చుక్క లేకుండ వేరేవాళ్ల కరెంటు బిల్లులు, ఏవో బుకింగులు నాకొస్తున్నయ్. హ్యాక్ అయిందా?
– ఓ విద్యార్థిని, కరీంనగర్

జవాబు: కాలేదమ్మా. జీమెయిల్ చుక్కలను లెక్క చేయదు, చుక్క ఉన్నా లేకున్నా ఆ ఐడీ నీ ఒక్కదానిదే. నీ పేరున్న ఇంకెవరో వాళ్ల ఐడీ తప్పు రాసిచ్చి ఉంటరు. గానీ కొంతమంది మోసగాళ్లు ఇట్లనే బిల్లు పంపి కట్టిస్తరు, కాబట్టి అండ్ల లింకులు నొక్కకు, నీది కాని బిల్లు కట్టకు.