ట్యాబ్ పెట్టించడం కాదు, రోజూ తీసే ఏర్పాటు చేయించు

అల్లుడూ,

అక్క ఫోన్లో చెప్పింది, బండికి ట్యాబ్ పెట్టించాలని ఎవరినో అడిగొచ్చావంట, వాళ్లు పాత స్టీరియో పీకేసి ఆ ఖాళీలో ట్యాబ్ అతికించి ఒక్క పూటలో చేసిస్తామన్నారంట. అడ్వాన్సు ఇవ్వకపోతే ఇంకా ఇవ్వద్దు. ఇచ్చేసి ఉన్నా పనికి మాత్రం బండి వదిలిపెట్టద్దు, ఈ ఉత్తరం పూర్తిగా చదివినాకే ఏదైనా.

నేను ఒకప్పుడు నా బండికి సరిగ్గా అదే చేయించినాను. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉండింది, కంపెనీ ఫిట్టింగ్ అన్నారు అందరూ. మే నెలలో ఒకరోజు బండి మాట్లాడుకున్న పార్టీ మెట్ల దారిన నడిచి ఎక్కుతామంటే అలిపిరిలో దింపి, బండి ఎండలో పెట్టి నేను చెట్టుకింద కూర్చున్నాను, పొద్దున పది నుంచి సాయంత్రం నాలుగు దాకా. తిరిగొచ్చి తలుపు తీస్తే ట్యాబ్ అద్దం ఒక పక్క అంచు నుంచి లేచి ఉంది, గోరు దూరేంత సందు. లోపల బ్యాటరీ ఉబ్బింది. తీసి బయట పడేద్దామంటే తీసే దారి లేదు, వెనకంతా డబుల్ టేపు, చుట్టూ స్క్రూలు వేసిన ఫ్రేము. ఉబ్బిన లిథియం బ్యాటరీకి ఎక్కడైనా గీత పడితే మంట లేస్తుంది, అది తెలిసి కూడా స్క్రూడ్రైవర్ పట్టుకొని దాని పక్కనే ముప్పావు గంట పని చేసినాను. ఆ ముప్పావు గంట నేనింకా మర్చిపోలేదు.

అందుకే చెప్తున్నాను, మన తిరుపతి ఎండకి ట్యాబ్‌ని బండిలో వదలకూడదు. వీటిని వాడాల్సింది 35 డిగ్రీల లోపలని కంపెనీలే రాస్తాయి, లిథియం బ్యాటరీకి ఛార్జింగ్ 45 దాటితే మంచిది కాదు, బయట 42 ఉన్నరోజు అద్దాలు మూసిన బండిలో 60 పైనే ఉంటుంది, అద్దం కింద డ్యాష్‌బోర్డు ఇంకా కాలుతుంది. ఎవరో దొంగిలిస్తారని తీయమనడం లేదు, అదీ ఉందనుకో. నువ్వు దిగిన ప్రతిసారీ ట్యాబ్ నీతో దిగాలి. అలా జరగాలంటే అది ఒంటి చేత్తో, రెండు సెకన్లలో ఊడిరావాలి, మళ్లీ అంతే సులువుగా కూర్చోవాలి. తీయడం కష్టమైతే నాలుగురోజులు తీస్తావు, ఐదోరోజు నుంచి వదిలేస్తావు. మనందరం అంతే.

ముందు చోటు సంగతి. స్టీరియో ఖాళీ డబుల్ డిన్, అంటే పెద్ద సైజుది అయితే 180 మిల్లీమీటర్ల వెడల్పు, 100 ఎత్తు. 8.7 అంగుళాల ట్యాబ్ 212 వెడల్పు, దగ్గరదగ్గర 125 ఎత్తు ఉంటుంది. అంటే అది ఎట్లా చూసినా ఆ ఖాళీలోకి పోదు, ముందుకే కూర్చోవాలి. మరి స్టీరియో ఎందుకు పీకడం? అది పోతే దానికి కలిపిన రివర్స్ కెమెరా పోతుంది, స్టీరింగ్ మీది వాల్యూమ్ బటన్లు పనిచేయవు. స్టీరియో ఉండనీ, ట్యాబ్ పాటలు బ్లూటూత్‌లో దానికే పంపించు.

ఒక పని చెయ్యి. ట్యాబ్ కొలతకి సరిగ్గా అట్టముక్క కోసి, పెడదామనుకున్న చోట టేపుతో అంటించి రెండురోజులు అట్టతోనే బండి తిప్పు. గేరు వేస్తుంటే చెయ్యి తగులుతుందా, ఏసీ గాలి ఆగిపోతుందా, రోడ్డు ఏమైనా మరుగవుతుందా, అన్నీ అట్టముక్కే చెప్తుంది. ముఖ్యంగా హజార్డ్ లైట్ల బటన్, అదే ఇండికేటర్లన్నీ ఒకేసారి వెలిగించేది, చూసుకో, చాలా బండ్లలో అది సరిగ్గా నడిమధ్యన ఉంటుంది, ట్యాబ్ దాన్ని మూసేస్తే ఘాట్‌లో మంచు పట్టినప్పుడు గానీ బండి ఆగిపోయినప్పుడు గానీ చీకట్లో తడుముకోవాలి. ఎడమవైపు ఎయిర్‌బ్యాగ్ అని రాసి ఉన్న మూత దరిదాపులకి ఏదీ పోకూడదు, అది తెరుచుకున్నప్పుడు ముందున్న వస్తువు పక్కన కూర్చున్నవాళ్ల ముఖానికే వస్తుంది.

హోల్డరుకి అయస్కాంతాలు చాలు అంటారు, నేనైతే ఒప్పుకోను. వేడికి వాటి పట్టు తగ్గుతుంది, పైగా ఫ్లిప్ కవర్ మూస్తే స్క్రీన్ ఆరిపోయే సెన్సర్ చాలా ట్యాబుల్లో ఉంటుంది, అయస్కాంతం దాని దగ్గరకి పడితే నడిదారిలో స్క్రీన్ ఆరిపోతుంది. కంపాస్ కూడా తికమకపడి బాణం గుర్తు వేరే దిక్కు చూపిస్తుంది. బోర్డులు రాసే షాపులో 3 మిల్లీమీటర్ల యాక్రిలిక్ పలక కోయించుకో, దానికి కిందా రెండు పక్కలా గాడి కట్టించు, పైనుంచి దూర్చితే ట్యాబ్ దిగాలి. గాడి లోపల పల్చటి ఫెల్ట్ గుడ్డ అతికిస్తే కటకట శబ్దం రాదు. పైన ఒక చిన్న స్ప్రింగ్ కొక్కెం తప్పకుండా ఉండాలి, బ్రేకు కొడితే వెనక పలక ఆపుతుంది గానీ గుంతలో బండి ఎగిరినప్పుడు ట్యాబ్ పైకి లేచేది ఆ కొక్కెం లేకపోతేనే. ఈ పలకని డ్యాష్‌బోర్డుకి స్క్రూలతో బిగించినా పర్వాలేదు, అది బండిది. ట్యాబ్ మాత్రం నీది. ఏసీ గాలి కొంచెం వెనకనుంచి తగిలేట్టు సందు వదిలితే ఇంకా మంచిది, చల్లగా ఉంటుంది.

ఇప్పుడు కరెంటు, అసలు తప్పులన్నీ ఇక్కడే జరుగుతాయి. ముందు 10 నంబరు స్పానర్‌తో బ్యాటరీ నెగటివ్ ఊడదీసి, తర్వాతే ప్లాస్టిక్ మూతలు విప్పాలి. మూతలకి స్క్రూడ్రైవర్ వాడద్దు, క్లిప్పులు విరుగుతాయి, ప్లాస్టిక్ పట్టీ దొరుకుతుంది, దాంతో తియ్యి. ఫ్యూజు బాక్సులో తాళం ఆపితే ఆగిపోయే లైను పట్టుకోవాలి, అది పట్టుకోవడానికి ఆ కాసేపు నెగటివ్ మళ్లీ తగిలించి టెస్ట్ ల్యాంపు, అదే కరెంటు ఉంటే వెలిగే చిన్న దీపం, పెట్టి చూడు, తాళం తీస్తే ఆరాలి, తిప్పితే వెలగాలి. మా వీధిలో ఒకాయన బండికి ఎప్పుడూ కరెంటు ఉండే లైనుకి కలిపేసినారు, వారం ఊరికి పోయి వచ్చేసరికి బ్యాటరీ డౌన్. వైరు కోయడం, మెలి తిప్పడం వద్దే వద్దు. ఫ్యూజ్ ట్యాప్ అని దొరుకుతుంది, పాత ఫ్యూజు తీసి దాని చోట ఇది గుచ్చి, పాత ఫ్యూజుని దీన్లోనే పెట్టి, నీ లైనుకి 5 యాంపుల ఫ్యూజు వెయ్యి. ఎర్త్ వైరుని రంగు గీకిన బాడీ బోల్టుకి బిగించు. ఎక్కడైనా జాయింటు తప్పదంటే సోల్డర్ చేసి స్లీవు తొడుగు, నల్ల టేపు జిగురు ఒక్క వేసవికే కరిగి ఊడిపోతుంది.

బండి 12 వోల్టులంటారు గానీ ఇంజన్ తిరుగుతుంటే 14 దాకా పోతుంది, అందుకని అది తట్టుకునే ఛార్జరు తీసుకో, 18 వాట్లకి తగ్గద్దు. మ్యాప్ నడుస్తూ స్క్రీన్ ఫుల్లు వెలుతురులో ఉంటే 5 వాట్ల చిన్న ఛార్జరు సరిపోదు, వైరు గుచ్చి ఉన్నా శాతం తగ్గుతూనే ఉంటుంది, అప్పుడు ట్యాబ్ చెడిపోయిందని కంగారు పడతావు. కేబుల్ లావుగా, మీటరుకి మించకుండా, మూల వంపు పిన్నుది కొను. కేబుల్ చివర గాడి పక్కనే క్లిప్పులో ఆగాలి, లోపలికి జారిపోతే రోజూ వెతకడమే పని. సెట్టింగుల్లో బ్యాటరీ ప్రొటెక్షన్ ఉంటే పెట్టు, 80, 85 శాతం దగ్గర ఛార్జింగ్ ఆగిపోతుంది.

ట్యాబ్ కొనేటప్పుడు జీపీఎస్ ఉందో లేదో అడుగు. వైఫై మాత్రమే ఉన్న ఐప్యాడ్‌లో ఉండదు, తక్కువ రేటు ట్యాబుల్లో కొన్నిట్లో కూడా ఉండదు. చిత్తూరు, మదనపల్లె, కాణిపాకం, శ్రీకాళహస్తి దాకా మ్యాప్ ఆఫ్‌లైన్లో దించిపెట్టుకో, కొండదారుల్లో సిగ్నల్ పోతూ వస్తూ ఉంటుంది. రాత్రి వెలుతురు బాగా తగ్గించు, లేకపోతే ముందద్దంలో స్క్రీన్ నీడ పడి రోడ్డు కనపడదు.

ఇంకొకటి. వెనక కూర్చున్న భక్తులు ఎస్వీబీసీ, అదే టీటీడీ భక్తి ఛానెల్, పెట్టమంటారు, పెద్దవాళ్లు అడిగితే కాదనలేం. శబ్దం పెట్టు, బొమ్మ వద్దు. 2020 అక్టోబర్ నుంచి దారి చూసుకోవడానికి మాత్రమే, అదీ ధ్యాస చెదరకుండా వాడచ్చని నిబంధనల్లో చేర్చినారు, వీడియో దానికిందకి రాదు. నిబంధన సంగతి పక్కన పెట్టినా, కొండ మీంచి దిగేటప్పుడు నీ కళ్లు ఆ మలుపుల మీదే ఉండాలి నాయనా, బండినిండా జనం ఉంటారు.

ఆదివారం బండి తీసుకొని ఇంటికి రా, పొద్దున ఎండ ఎక్కకముందే. మల్టీమీటరు, టెస్ట్ ల్యాంపు నా దగ్గర ఉన్నాయి, ఫ్యూజ్ ట్యాప్ కొనేముందు నీ బండి ఫ్యూజు ఒకటి తీసి షాపులో చూపించు, సైజులు మూడు నాలుగు ఉన్నాయి. అట్టముక్క తేవడం మర్చిపోవద్దు.

మీ మామ