అక్క కోసం అల్లిన ప్రార్థన శాలువా ఎవరికో ఇచ్చేసింది, నేను చేసింది తప్పా?

ప్రశ్న: నాకు 47 ఏళ్ళు. మా చర్చి సంఘంలో ఆడవాళ్ళం 12 మందిమి ప్రతి గురువారం కూర్చుని, జబ్బుతో ఉన్నవాళ్ళకి, ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్ళకి ప్రార్థన చేస్తూ శాలువాలు అల్లి ఇస్తాం. మా అక్కకి బ్రెస్ట్ క్యాన్సర్ అని తెలిసింది, కీమో నడుస్తోంది. రెండు నెలలు కూర్చుని తన కోసం ఒకటి అల్లాను. గ్రూపులో అందరూ తలా రెండు వరసలు వేశారు, ఆదివారం ఆరాధనలో అక్క పేరు చెప్పి ప్రార్థన చేయించి, పాస్టర్ గారితో శాలువా మీద చెయ్యి వేయించి మరీ తీసుకెళ్ళాను. అక్క తీసుకుని పక్కన పెట్టేసింది. "నన్నడిగావా?" అంది, అంతే. తర్వాతి వారం కీమో దగ్గర చలికి వణుకుతున్న ఎవరో ఆవిడకి ఇచ్చేసిందని బావగారు చెప్పారు. మూడు వారాలుగా మా మధ్య మాటల్లేవు. మా ఆయనేమో "అడగనిదే ఎవరివ్వమన్నారు" అంటారు. ప్రేమతో ఇచ్చేది అడిగి ఇస్తారా? గ్రూపుకి వెళ్ళడం కూడా మానేశాను. శాలువా తిరిగి తెప్పించుకోవాలా? అసలు అల్లడమే మానెయ్యాలా?

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివానమ్మా. మొదటిసారి చదివినప్పుడు నాకూ అక్క మీదే కొంచెం కోపం వచ్చింది, రెండు నెలల పని కదా, నేనూ క్రోషే వేస్తాను కాబట్టి ఒక పెద్ద శాలువా అంటే ఎన్ని సాయంత్రాలో, మధ్యలో లెక్క తప్పితే ఎన్ని వరసలు విప్పుకోవాలో తెలుసు. రెండోసారి చదివినప్పుడు మాత్రం ఒకచోట ఆగిపోయాను.

మీ అక్క "నేనడిగానా" అనలేదు. "నన్నడిగావా" అంది.

మీరు, మీ ఆయన ఇద్దరూ దాన్ని శాలువా గురించే అనుకున్నారు. నాకలా అనిపించట్లేదు. తన పేరు, తన జబ్బు ఆదివారం నిండు సంఘంలో చెప్పేముందు నన్నడిగావా అని అడిగి ఉంటుంది. ఆ సంగతి మీరు ఉత్తరంలో ఒక్క ముక్కలో చెప్పి ముందుకెళ్ళిపోయారు, అదేదో మంచి పనే అన్నట్టు, మీ మనసులో అది మంచి పనే కూడా. కానీ ఆవిడ వైపు నుంచి చూడండి, బ్రెస్ట్ క్యాన్సర్ అంటే ఒంటికి సంబంధించిన, ఆడదానికి చాలా గుట్టుగా ఉండే సంగతి, ఎవరికి చెప్పాలి ఎప్పుడు చెప్పాలి అన్నదొక్కటే ఆవిడ చేతిలో మిగిలిన విషయం అయ్యుండొచ్చు, మిగతావన్నీ డాక్టర్లు, టెస్టులు, తేదీలే నిర్ణయిస్తుంటే. అది కూడా చెల్లెలి చేతుల మీదుగా వందమందికి తెలిసిపోయింది. ఆ శాలువా చూసిన ప్రతిసారీ ఆవిడకి గుర్తొచ్చేది అదే కావచ్చు. నేను ఊహిస్తున్నాను, మీ అక్కనే అడిగి తెలుసుకోవాలి, కానీ అడిగేటప్పుడు ఈ వైపు నుంచి మొదలుపెట్టండి అంటున్నా.

ఇంకో మాట, ఇచ్చేయడం వెనక ఒంటికి సంబంధించిన కారణాలు కూడా ఉండొచ్చు. మా అమ్మకి కీమో జరిగిన రోజుల్లో నేను పక్కన కూర్చునేదాన్ని, అప్పటిదాకా ఎంతో ఇష్టమైన సబ్బు వాసన కూడా తనకి వికారం తెప్పించేది. 12 మంది చేతుల్లోంచి, 12 ఇళ్ళ వాసనల్లోంచి వచ్చిన ఊలు ఎలా ఉంటుందో ఆలోచించండి. చర్మం కూడా సున్నితమైపోతుంది, అసలైన ఊలు కొందరికి గుచ్చుతుంది. బ్రెస్ట్ క్యాన్సర్ మందులతో చాలామందికి ఉన్నట్టుండి ఒంట్లోంచి సెగలు వస్తాయి, చెమటలు పడతాయి, అప్పుడు భుజాల మీద ఏది ఉన్నా లాగి పారెయ్యాలనిపిస్తుంది. పక్కన చలికి వణుకుతున్న మనిషికి అదే శాలువా ఇచ్చిందంటే దాన్ని విసిరికొట్టినట్టు కాదు కదా. నాకైతే అందులో మీ అక్క మంచితనమే కనిపిస్తోంది.

తెప్పించుకోవాలా అని అడిగారు. వద్దు, దయచేసి ఆ ఆలోచన వదిలెయ్యండి. ఈ శాలువాల పరిచర్య ఎలా మొదలైందో మీకు తెలిసే ఉంటుంది, 1998లో అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రంలోని హార్ట్‌ఫర్డ్ సెమినరీ అనే వేదాంత విద్యాలయంలో ఆడవాళ్ళ లీడర్‌షిప్ కోర్సు చేసి వచ్చిన జానెట్ బ్రిస్టో, విక్టోరియా గాలో అనే ఇద్దరు మొదలుపెట్టారు. మూడు నిట్, మూడు పర్ల్, మళ్ళీ మూడు నిట్ (ఇవి రెండు సూదులతో చేసే నిట్టింగ్‌లో మామూలు కుట్లు), అంత సులువైన అల్లిక, చెయ్యి తన పని తాను చేసుకుంటుంటే మనసు ప్రార్థనలో ఉండొచ్చని. ఫలానా మతం వాళ్ళకే అని వాళ్ళు గీత గియ్యలేదు, ఏ నమ్మకం ఉన్నవాళ్ళైనా అల్లొచ్చు, ఎవరికైనా ఇవ్వొచ్చు, జబ్బుకి, చావుకే కాదు పెళ్ళికి, పురుటికి కూడా ఇస్తారు. చాలా గ్రూపుల్లో అల్లేవాళ్ళకి అది ఎవరి భుజాల మీదకి వెళ్తుందో కూడా తెలియదు, అల్లి బుట్టలో పెడతారు, అవసరం వచ్చినప్పుడు ఎవరో ఒకరు తీసుకెళ్తారు. పేరు తెలియకుండా చేసిన ప్రార్థన తక్కువదని వాళ్ళెవరూ అనుకోరు. మీకు ఇది ఎందుకు చెప్తున్నానంటే, మీ శాలువా వెళ్ళిన ఆవిడ మీకు తెలియకపోయినా అది వెళ్ళాల్సిన చోటికే వెళ్ళింది, ఇచ్చేశాక అది మీ అక్కది, అక్క ఇచ్చేశాక అది ఆవిడది.

ఇప్పుడు అక్కతో ఎలా మాట్లాడాలి. మెసేజ్ పెట్టకండి, ఫోన్ చెయ్యండి. శాలువా మాట ఎత్తకండి, "రెండు నెలలు కష్టపడ్డాను" అన్న మాట అస్సలు వద్దు, ఎంత నిజమైనా సరే. నేనైతే ఇంతే అంటాను: "అక్కా, నిన్ను అడక్కుండా సంఘంలో నీ పేరు చెప్పాను, తప్పు చేశాను, నీకెంత కష్టమనిపించి ఉంటుందో ఇప్పుడు అర్థమవుతోంది." అక్కడ ఆగండి. "కానీ నేను ప్రేమతోనే" అని మొదలుపెట్టకండి, ఆ "కానీ" వచ్చిందంటే ముందు చెప్పిన క్షమాపణ పోతుంది. ఆవిడ తిట్టొచ్చు, ఏడవొచ్చు, సరేలే అని పెట్టేయొచ్చు. ఏదైనా విని, "నిన్ను చూడాలని ఉంది, ఎప్పుడు రమ్మంటావు" అని అడగండి. ఈసారి అడగండి.

మీకు కొంచెం నొప్పి కలిగించే ప్రశ్న ఒకటి, కోపం తెచ్చుకోకండి. ఆ రెండు నెలల్లో అక్క పక్కన ఎన్ని గంటలు కూర్చున్నారు? మీ ఉత్తరంలో అల్లిక గురించి, గ్రూపు గురించి, పాస్టర్ గారి గురించి ఉంది, అక్కతో గడిపిన ఒక్క రోజు గురించి లేదు. దీన్ని నేను తప్పుగా చూడట్లేదు. అక్కకేమైనా అవుతుందేమోనన్న భయం మోయలేక చాలామంది చేతులకి ఏదో ఒక పని పెట్టుకుంటారు, ఒకే కదలిక మళ్ళీ మళ్ళీ చేస్తుంటే ఊపిరి నెమ్మదిస్తుంది, భయం కాసేపు పక్కకి వెళ్తుంది, అల్లికలో ఉన్న బలమే అది. మీరు అల్లింది అక్క కోసమే, సగం మీ భయం కోసం కూడా, రెండూ నిజమే.

అందుకే మానెయ్యాలా అంటే వద్దు అంటాను. మీకు ఇప్పుడు ఆ గురువారాలు ఇంకా ఎక్కువ అవసరం. కానీ గ్రూపులో ఒక మాట మాత్రం మీరే లేపండి, మీకు జరిగింది కాబట్టి మీరు చెప్తే వింటారు: మనిషిని అడిగి, సరే అంటేనే పేరు పైకి చెప్పాలి, లేకపోతే పేరు లేకుండానే ప్రార్థన చెయ్యాలి, దేవుడికి పేరు మనం చెప్పక్కర్లేదు కదా. శాలువా ఇచ్చేముందు కూడా చలిగా ఉంటుందా, వేడిగా ఉంటుందా, ఏ రంగు ఇష్టం, ఊలు పడుతుందా అని ఇంట్లోవాళ్ళనైనా అడగాలి. కీమోలో ఉన్నవాళ్ళకి మెత్తటి, మెషిన్‌లో ఉతకగలిగే దారం వాడి, వాసన లేని సబ్బుతో ఒకసారి ఉతికి ఇవ్వండి, ఏ దారమో ఎలా ఉతకాలో చిన్న చీటీ మీద రాసి పెట్టండి, అసలైన ఊలు వేడినీళ్ళలో పడితే ముడుచుకుపోతుంది. చివర్న కుచ్చులు పెట్టకపోతే మంచిది, మంచం పక్కన ట్యూబులకి చిక్కుకుంటాయి.

మీ ఆయన మాటలు మనసులో పెట్టుకోకండి, ఆయనకి అల్లిక మీద కోపం లేదు, మీరు ఏడుస్తుంటే చూడలేక అన్న మాటలా ఉంది.

అక్క రమ్మంటే, కీమో రోజున పక్కన కూర్చోనిస్తారా అని హాస్పిటల్ వాళ్ళని ముందే కనుక్కోండి. బ్యాగులో క్రోషే సూది, ఒక్క ఊలు ఉండ పెట్టుకోండి, నిట్టింగ్ వద్దు, క్రోషేలో ఒక్క లూపే చేతిలో ఉంటుంది కాబట్టి అక్క పిలిచిన క్షణంలో పక్కన పడేసి లేవచ్చు. నేర్పిస్తానని మాత్రం అనకండి, కొన్ని మందులకి వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, సూది పట్టుకోలేకపోతే అదొక బాధ. ఎవరికోసం అల్లుతున్నావ్ అని అడిగితే నిజం చెప్పండి. అడక్కపోతే ఊరికే కూర్చోండి. ఇప్పుడే రావద్దంటే వెళ్ళకండి, వారం ఆగి మళ్ళీ ఫోన్ చెయ్యండి.