మొక్కు నువ్వు మొయ్యి, అతని మీద పెట్టకు

అమ్మాయ్,

నిన్న రాత్రి ఫోన్లో నువ్వు ఏడుస్తుంటే నాకు నోట మాట రాలేదు, అందుకే రాస్తున్నాను. మీ ఆయన బయాప్సీలో గ్లియోబ్లాస్టోమా, గ్రేడ్ 4, అంటే మెదడులో క్యాన్సర్ గడ్డ అని వచ్చిందన్నావు. 2016లో మా ఆయనకి, మీ మావయ్యకి వచ్చిందీ అదే.

ముందు ఒక్కటి విను. మీ ఆయన దగ్గర దాచకండి. మేం దాచాం. చిన్న గడ్డ, తీసేశారు అని చెప్పి రిపోర్టులు బీరువాలో చీరల కింద పెట్టాను. 6 వారాల్లో 30 సార్లు రేడియేషన్‌కి వెళ్లిన మనిషికి గుమ్మం మీద బోర్డు కనపడదా? తెలిసి కూడా మా కోసం తెలియనట్టు ఉన్నారు, మేము ఆయన కోసం నవ్వుతూ తిరిగాం, ఒకే గదిలో పడుకుని ఎవరి భయం వాళ్లం మింగుకున్నాం. చివరికి నోరు తెరిచి అడిగేసరికి ఆయనకి మాట తడబడుతోంది, చెప్పాలనుకున్నవి సగం లోపలే ఉండిపోయాయి. ఆ నెలలు తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు రగులుతుంది. అతను ఎంతవరకు తెలుసుకోవాలనుకుంటున్నాడో అడుగు, అంతవరకు డాక్టరుగారి ఎదుటే మాట్లాడుకోండి.

ఇక దేవుడి సంగతి. మీ అత్తగారు ఇంద్రకీలాద్రి మెట్లెక్కుతానని మొక్కుకున్నారు, పక్కింటావిడ గుణదల మాత దగ్గర కొవ్వొత్తి వెలిగించిందన్నావు. ఎవరినీ వద్దనకు. నేనూ మంగళగిరి కొండెక్కాను, ఆ స్వామే నన్ను నిలబెట్టాడని నమ్ముతాను. కానీ మొక్కు మనం మోయాలి, జబ్బు మనిషి ఒంటి మీద పెట్టకూడదు. ఉపవాసాలు మీరుండండి, అతన్ని ఉంచొద్దు. ప్రసాదమని మీ మావయ్యకి నేను గ్లాసుడు పానకం తాగించాను, మెదడు వాపు తగ్గడానికి ఇచ్చే డెక్సామెథాసోన్ షుగరు పెంచుతుందని తెలియక, ఆ సాయంత్రం 400 దాటింది. పోసిన పానకంలో సగం పుచ్చుకుని సగం మనకే వదిలేసే మంగళగిరి స్వామి, ఉద్ధరిణెడు తీసుకుంటే కోప్పడతాడా చెప్పు?

ఆ మందుతో నిద్ర పట్టదు, ఆకలి ఎక్కువవుతుంది, ఉన్నట్టుండి కసురుతాడు కూడా. అది మందు కసరడం, మనసులో పెట్టుకోకు. డాక్టరు చెప్పకుండా ఒక్కసారిగా మాత్రం ఆపొద్దు. ఎవరైనా పసరో పొడో తెస్తే డాక్టరుగారికి చూపించకుండా వాడొద్దు. ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు, నోట్లో స్పూను ఏమీ పెట్టకుండా పక్కకి తిప్పి పడుకోబెట్టి టైం చూడు, 5 నిమిషాలు దాటితే 108కి ఫోన్ చెయ్యి. ఎన్టీఆర్ వైద్య సేవ కాగితాల కోసం ఆసుపత్రిలోనే ఆరోగ్యమిత్ర ఉంటారు, సిగ్గుపడకుండా అడుగు.

రేడియేషన్ అయ్యాక మొదటి ఎమ్మారైలో గడ్డ పెరిగినట్టు కనిపించవచ్చు, అది ఒక్కోసారి రేడియేషన్ వల్ల వచ్చిన వాపే, కొన్నాళ్లాగి మళ్లీ తీస్తేగాని తేలదు. మాకు ఆ రిపోర్టు వచ్చిన రోజు ఇంట్లో పొయ్యి వెలగలేదు. మన చుట్టాల్లోనే ఒకావిడ వచ్చి, నీ నమ్మకంలో లోపం ఉంది అంది. అలాంటి మాట ఎవరన్నా అంటే గుమ్మంలోనే ఆపు. పూజ తక్కువై గడ్డ రాలేదు, ఎవరి పాపమూ తగిలి రాలేదు, చాలామందికి ఎందుకు వస్తుందో డాక్టర్లకే కారణం దొరకదు.

నేను మొదట పూర్తిగా తగ్గించమని అడిగాను. తర్వాత మనవడి అన్నప్రాసన దాకా ఉంచమన్నాను, ఉన్నారు, ఒళ్లో కూర్చోబెట్టుకుని ఎడమ చేత్తోనే పాయసం తాకించారు. ఆ తర్వాత ఈ రాత్రి తలనొప్పి లేకుండా నిద్రపోనీ చాలు అని అడిగేదాన్ని. ఆశ తగ్గిపోయిందేమోనని భయపడ్డాను కానీ, లేదమ్మా, ఆ రాత్రుల్లోనే దేవుడు నాకు దగ్గరగా ఉన్నాడు. జబ్బు బయటపడ్డాక మీ మావయ్య 19 నెలలు ఉన్నారు, ఆ లెక్క మీ ఆయనకి పట్టించకు. అందరి గడ్డా ఒకేలా ఉండదు. గడ్డ ముక్క మీద చేసే ఎంజీఎంటీ పరీక్ష చేశారేమో అడుగు, టెమోజోలొమైడ్ అనే కీమో మాత్రలు ఎంత పనిచేస్తాయో దాన్నిబట్టి కొంత తెలుస్తుంది.

ఆదివారం సాయంత్రం గుంటూరు నుంచి బస్సెక్కుతాను. సోమవారం రేడియేషన్‌కి అతన్ని నేను తీసుకెళ్తాను, నువ్వు పిల్లల్ని స్కూలుకి పంపి, తలంటుకుని, మధ్యాహ్నం దాకా పడుకో.

మీ అత్త