నూనె డబ్బా మీద తారీఖు రాసిపెట్టు

చిన్నా,

నీ కొలెస్ట్రాల్ రిపోర్టు ఫోటో నిన్న రాత్రి మీ అమ్మ పంపింది. దాని వెనకాలే నీ వాయిస్ మెసేజ్: "పెద్దమ్మా, రేపట్నుంచి గుడ్డు బంద్, మటన్ బంద్, నెయ్యి బంద్. పొద్దున ఓట్స్, రాత్రి జ్యూస్." విని నవ్వొచ్చింది, కొంచెం భయమూ వేసింది. మీ పెదనాన్న కూడా 2016లో ఇలాగే ఒక్క రోజులో అన్నీ మానేశారు. మూడో వారంలో ఒక పెళ్ళి భోజనం తగిలింది, అన్నీ తిరిగొచ్చాయి. ఫోన్లో చెప్తే ఊఁ కొట్టి మర్చిపోతావని ఇలా రాస్తున్నాను.

నేను డాక్టర్ని కాదు. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని, ఇన్నేళ్ళుగా ఒక గుండె పేషెంటుకి వండిపెడుతున్నదాన్ని. మందుల విషయంలో డాక్టరు చెప్పిందే వేదం. వంటింటి విషయంలో మాత్రం నా మాట విను.

టోటల్ కొలెస్ట్రాల్ 238 అని చూసి బెదిరిపోయావు. ఆ ఒక్క అంకెతో తెలిసేది తక్కువ. కింద చూడు: మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ 34, రక్తంలో తిరిగే ఇంకో రకం కొవ్వు ట్రైగ్లిజరైడ్లు 250, చెడ్డ కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ 154. చాలా ల్యాబుల్లో ఎల్‌డీఎల్‌ని విడిగా కొలవరు, లెక్కకట్టి రాస్తారు. టోటల్లోంచి హెచ్‌డీఎల్ తీసేసి, ట్రైగ్లిజరైడ్లలో ఐదో వంతు తీసేస్తే మిగిలేదే అది. 238లో 34 పోతే 204, అందులోంచి 50 పోతే 154. సరిపోయిందా? ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఈ లెక్క పనికిరాదు, అప్పుడు నేరుగా కొలవాల్సిందే. నీకింకా అంతదూరం రాలేదు.

నాకు కనిపించిందేమిటంటే, నీకున్నది ఒక సమస్య కాదు, రెండు. ఎల్‌డీఎల్‌ని పెంచేది నెయ్యి, వెన్న, మీగడ, వనస్పతి, పామాయిల్, మటన్ కొవ్వు లాంటివి. దానికి తోడు వంశం. ట్రైగ్లిజరైడ్లని పెంచేది వేరే గుంపు: కుప్పగా పెట్టుకునే అన్నం, చక్కెర, మైదా, మద్యం, ముందుకొచ్చిన పొట్ట. ట్రైగ్లిజరైడ్లు పెరిగినచోట హెచ్‌డీఎల్ సాధారణంగా పడిపోతుంది. మన దేశంలో చాలామంది రిపోర్టులు నీ రిపోర్టులాగే ఉంటాయి. నువ్వు మానేస్తానన్న నెయ్యి, మటన్ మొదటి గుంపులోవి. రెండో గుంపుని వదిలెయ్యడమే కాకుండా రాత్రిపూట జ్యూస్ పోసి పెంచుతానంటున్నావు! పండు కొరికి తిను. పిండితే పీచు పోయి చక్కెర నీళ్ళే మిగుల్తాయి.

గుడ్డు మీద నీకంత పగ దేనికో. పచ్చసొనలో సుమారు 200 మిల్లీగ్రాముల కొలెస్ట్రాల్ ఉన్న మాట నిజమే. కానీ రక్తంలో తిరిగే కొలెస్ట్రాల్లో ఎక్కువ భాగం మన లివర్ తయారుచేసిందే. చాలామందిలో తిండిలోని కొలెస్ట్రాల్ కంటే గట్టి కొవ్వులే ఎల్‌డీఎల్‌ని ఎక్కువ పెంచుతాయి. డాక్టరు వద్దనకపోతే రోజుకొక గుడ్డు ఉడకబెట్టుకుని తిను. మటన్ నెలకు రెండుసార్లు చాలు, కొవ్వు తీయించి తీసుకో.

అసలు సంగతి నూనె. ఐదు లీటర్ల డబ్బా నెలకు అయిపోతోందని కోడలు మొన్న మాటల్లో అంది. మీరు ఇంట్లో నలుగురు, అందులో ఒకడు ఆరేళ్ళవాడు. అంటే మనిషికి రోజుకు 40 మిల్లీలీటర్ల పైన, ఎనిమిది టీస్పూన్లు. మా ఇంట్లో మనిషికి నెలకు అర లీటరు అని పెట్టుకున్నాం, రోజుకు మూడు టీస్పూన్ల పైచిలుకు. మీకు రెండు లీటర్లు. ఒక్కసారిగా రెండుకి దించితే ఇంట్లో గొడవలవుతాయి. ఈ నెల నాలుగు, వచ్చే నెల మూడు, ఆ పై నెల రెండున్నర, అలా రండి. మీరు బయట తినే నూనె ఈ లెక్కలో లేదు, అది గుర్తుంచుకో.

డబ్బాలోంచి నేరుగా మూకుట్లోకి వంచకండి. వారానికి సరిపడా ఒక చిన్న సీసాలోకి పోసుకుని, అందులోంచి చెంచాతో తీసుకోవాలి. మొదటి వారం నాకు శుక్రవారానికే సీసా ఖాళీ. అప్పుడు తెలిసింది, నూనె పోతున్నది తాలింపులో కాదు, వేపుళ్ళలో అని. దొండకాయ, బెండకాయ, గోకరకాయ ఏదైనా సరే, ముక్కల్ని కాస్త ఉప్పు చల్లి మూతపెట్టి ఆవిరికి మగ్గనిచ్చి, తర్వాత రెండు చెంచాల నూనెలో తాలింపు పెట్టి నీరంతా ఇగిరేదాకా వేయించు. కరకరలాడదు, ఒప్పుకుంటాను. మీ పెదనాన్న నెల రోజులు మొహం ముడుచుకునే తిన్నారు. ఇప్పుడు పెళ్ళిళ్ళలో వేపుడు తింటే "చేతికి జిడ్డు" అంటారు.

బజ్జీలేసిన నూనె వడకట్టి మర్నాడు కూరకి వాడటం మీ అమ్మమ్మ మా అక్కచెల్లెళ్ళకి నేర్పింది. నూనె పారబోయడం ఆవిడ దృష్టిలో పాపం. మీ అమ్మకి ఆ అలవాటు ఇంకా పోలేదు, నాకు తెలుసు. మళ్ళీ మళ్ళీ కాగిన నూనె చెడిపోతుంది, అది గుండెకి మంచిది కాదు. మూకుట్లో కొంచెమే పోసి, వేయించాల్సినవి ఏ పండక్కో వేయించుకోండి. సందు చివర బండి మీద నల్లగా మరిగే నూనె గురించి నేను వేరే చెప్పక్కర్లేదు.

ఇక ఏ నూనె? "కొలెస్ట్రాల్ లేదు" అని డబ్బా మీద రాస్తే ఎక్కువ డబ్బులిచ్చి కొనకు. గింజల నుంచి తీసిన ఏ నూనెలోనూ కొలెస్ట్రాల్ ఉండదు. నేను వేరుశనగ, నువ్వులు, తవుడు నూనెల్ని మార్చి మార్చి కొంటాను. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది కదా, 1958లో కూనూరు నుంచి మన ఊరొచ్చింది, వాళ్ళూ ఒకే నూనె పట్టుకు వేలాడకుండా రకరకాలు వాడమనే చెప్తారు. రోజుకు 5 గ్రాములకి మించి ఉప్పు వద్దనేదీ వాళ్ళ మాటే. అది ఒక టీస్పూను, ఆవకాయలో ఉన్నదీ అప్పడంలో ఉన్నదీ కలిపి. ఈ ఉప్పు కొలెస్ట్రాల్ కోసం కాదు, బీపీ కోసం. గుండెకి రెండూ శత్రువులే. నెయ్యి వేడన్నంలో ఒక టీస్పూను వేసుకో, పప్పులో మళ్ళీ పొయ్యకు.

అన్నం దగ్గర మాత్రం నీ ప్రాణం గిలగిల్లాడుతుంది. మానేయమనను. మనం అన్నంలో కూర కలుపుకుంటాం, నువ్వు కూరలో అన్నం కలుపుకో. కంచంలో సగం కూర, ఆకుకూర, పచ్చి కీరా. పావు వంతు పప్పో చేపో గుడ్డో. మిగిలిన పావులో అన్నం. ముడిబియ్యం కూడా తెచ్చి చూశాం, మీ పెదనాన్న రెండో రోజు కంచం పక్కకి జరిపారు. బలవంతపెట్టలేదు, తెల్లన్నమే ఒక కప్పు కొలిచి పెడుతున్నాను. రాత్రికి జొన్నరొట్టె. మా విద్యానగర్ వైపు సాయంత్రమైతే రోడ్డు పక్కన పెనం పెట్టి వేడివేడిగా కాల్చిస్తారు, మీ వైపూ ఉంటారు. రెండు చాలు. జొన్న కదా అని ఐదు తింటే అదీ పిండే. నంజుకోవడానికి చిక్కటి మెంతికూర పప్పు.

ఓట్స్ నీకు ఇష్టమైతే తిను, దానిలో ఎల్‌డీఎల్‌ని కొంచెం తగ్గించే రకం పీచు ఉంది. అదే రకం పీచు బార్లీలో, శనగల్లో, రాజ్మాలో, బెండకాయలో, మెంతుల్లో కూడా ఉంది. పెసరట్టు పక్కన పెట్టి, చక్కెర కలిపిన రంగురంగుల ఓట్స్ ప్యాకెట్ కొనే తెలివి మాత్రం నాకు అర్థం కాదు. ఆదివారం చికెన్ బదులు చేప తేవచ్చు. మేం రామ్‌నగర్ మార్కెట్‌కి వెళ్తాం, కానాగంతలు దొరికితే అవే. పులుసు పెట్టు, వేపుడు వద్దు.

ఆఫీసు సంగతి. శుక్రవారం టీం బిర్యానీ మానేస్తే నీకు స్నేహితులుండరు, తెలుసు. నెలకు రెండు శుక్రవారాలు పెట్టుకో, డబుల్ కా మీఠా వాళ్ళకొదిలెయ్. రంజాన్ నెలలో హలీం తిన్న వారం బిర్యానీ లేదు, పైన నెయ్యి పోయొద్దని చెప్పు. ఇరానీ చాయ్ రోజుకి మూడు, ఒక్కోదానికి రెండు ఉస్మానియా బిస్కెట్లు అంటే ఆరు బిస్కెట్లు, వెన్న, మైదా, చక్కెర. చాయ్ ఒకటి ఉంచుకో, బిస్కెట్లు ఇంటికెవరైనా వచ్చినప్పుడు. దాని బదులు ఉప్పు లేని పల్లీలు గుప్పెడు. ఆ చాయ్ దగ్గర వెలిగించే సిగరెట్ సంగతి నాకు తెలియదనుకోకు. "ఒక్కటే కదా" అనకు. మానేసిన ఏడాదికి గుండెజబ్బు ముప్పు దాదాపు సగానికి పడుతుందంటారు. ఈ ఉత్తరంలో ఒక్కటే చేస్తానంటే అదే చెయ్యి, నూనె సంగతి తర్వాత చూద్దాం.

నడక గురించి ఎక్కువ రాయను, నీ ఫోనే నీకంటే ఎక్కువ చెప్తుంది. వారానికి 150 నిమిషాలు, మాట్లాడగలిగేంత వేగం, పాట పాడలేనంత వేగం. మేం ఉస్మానియా క్యాంపస్‌లో నడుస్తాం. నీకు పొద్దున కుదరదు కాబట్టి మధ్యాహ్నం భోజనం తర్వాత పదిహేను నిమిషాలు, రాత్రి భోజనం తర్వాత పదిహేను. నడుముకి టేపు చుట్టి చూసుకో, 90 సెంటీమీటర్లు దాటితే బరువు కంటే అదే ముఖ్యం.

ఇప్పుడు మీ పెదనాన్న కథ, నీకు సగమే తెలుసు. ఆయనకి డాక్టరు రాత్రిపూట వేసుకునే కొలెస్ట్రాల్ మాత్ర రాశారు. మూడు నెలలకి పరీక్ష చేయిస్తే అన్నీ నార్మల్. వాకింగ్‌లో తోడొచ్చే ఒకాయన "ఇంకెందుకండీ ఆ మాత్ర, లివర్ పోతుంది, వెల్లుల్లి, అల్లం, నిమ్మరసం, తేనె కలిపి తాగండి" అన్నాడు. ఈయన తాగారు. నేను, లెక్కల టీచర్ని, నోరు మూసుకుని ఆ రసం కాచి ఇచ్చాను. మాత్ర వేసుకుంటే వచ్చిన జవాబు, మాత్ర కొట్టేస్తే ఎలా వస్తుందని అడగలేదు. రెండేళ్ళ తర్వాత ఒక రాత్రి ఛాతీ బరువుగా ఉందన్నారు, చెమటలు పట్టాయి. గ్యాస్ అనుకున్నాం. సోడా తాగారు, గ్యాస్ మాత్ర మింగారు, తెల్లారేదాకా కూర్చున్నాం. ఆసుపత్రికి వెళ్ళేసరికి ఏడు గంటలు పోయాయి. స్టెంట్ వేశారు, మనిషి దక్కారు. గుండెలో ఒక భాగం మాత్రం మునుపట్లా కొట్టుకోదు.

నీకు డాక్టరు మాత్ర రాస్తే వేసుకో. కండరాలు నొప్పులొచ్చినా ఇంకేం అనిపించినా ఆయనకే చెప్పు, నీ అంతట నువ్వు ఆపకు. తిండితో తగ్గేదానికి ఒక హద్దుంది, కొంతమందికి వంశంలోనే ఎక్కువ. ఆయన్ని కలిసినప్పుడు మీ నాన్న 51 ఏళ్ళకే గుండెపోటుతో పోయారని ముందుగా చెప్పు, అడిగేదాకా ఆగకు. వంశం నుంచి వచ్చే ఒక రకం చెడ్డ కొలెస్ట్రాల్‌ని కొలిచే లైపోప్రొటీన్ (ఏ) అనే పరీక్ష ఒక్కసారి చేయించాలేమో అడుగు. థైరాయిడ్ కూడా చూపించుకో, అది మందగిస్తే కొలెస్ట్రాల్ దానంతటదే పెరుగుతుంది. ఛాతీలో బరువు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, చెమటలు, ఇవి కనిపిస్తే అర్ధరాత్రయినా 108కి ఫోన్ చెయ్యి. నువ్వు బండి తీయకు.

ఇంకో మాట. ఇదంతా కోడలి మీద పడెయ్యకు. ఉద్యోగం ఆ పిల్లదీ నీలాంటిదే. వారానికి మూడు పూటలు కూర నువ్వు వండు, సీసాలో నూనె ఎంత మిగిలిందో అప్పుడు నీకే కనిపిస్తుంది.

వచ్చే ఆదివారం అందరూ రండి, గోకరకాయ కూర, చేపల పులుసు చేస్తాను. మీ అమ్మకి నూనె సంగతి నేను చెప్తాను, నువ్వు చెప్తే ఏడుస్తుంది. వచ్చేటప్పుడు పాత రిపోర్టులుంటే పట్టుకురా. కొత్త నూనె డబ్బా మూత తీసిన రోజున దాని మీద స్కెచ్ పెన్నుతో తారీఖు రాయమని కోడలికి చెప్పు.

మీ పెద్దమ్మ
విద్యానగర్, హైదరాబాద్