బట్టను మడత పెట్టకు నాన్నా

నాన్నా,

కాళహస్తిలో తాత ఇంట్లో మ్యూజియం పెడుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సంతోషం సగం, భయం సగం.

పర్మిషన్లు, కరెంటు, తాళాలు నువ్వు చూసుకోగలవు. మిద్దె మాత్రం దసరా లోపే బాగుచేయించు. మనకు పెద్ద వానలు కార్తీకంలోనే కదా.

ఇక నేను చేసిన తప్పు విను. మ్యూజియంలో ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ముసలమ్మ పాత కలంకారీ తెర తెచ్చిచ్చింది. రామాయణం కథ. దాన్ని చీరలాగా మడిచి, కలరా ఉండలు వేసి బీరువాలో పెట్టాను. భద్రంగా దాచాననుకున్నాను. పదకొండేళ్ల తర్వాత విప్పితే మడత మడతకీ చీలిపోయింది. నల్లగీతలైతే రాలిపోయాయి. సీతమ్మ కన్ను ఉండాల్సిన చోట చిల్లు! ఆ నలుపు కసిమి. ఇనుపముక్కలు, బెల్లం నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి తీసేది. పాలు, కరక్కాయ పట్టించిన బట్ట మీద కలం తగలగానే నల్లగా తేలుతుంది. ఆ ఇనుమే ఏళ్లు గడిచేకొద్దీ నూలును తినేస్తుంది. అలాంటి బట్టను మడిచాను నేను.

ముసలమ్మ పేరు కూడా రాసుకోలేదు. క్షమించమని అడగడానికి ఏ ఊరు పోవాలి? 2008లో మన కాళహస్తి కలంకారీ కళాకారుడు గుర్రప్పశెట్టి గారికి పద్మశ్రీ వచ్చినప్పుడు ఊరంతా మురిసిపోయాం. ఆ తెర వేసిన మనిషి పేరు మాత్రం ఏ కాగితంలోనూ లేదు. అందుకే చెప్తున్నా, వస్తువు చేతికొచ్చిన రోజే ఇచ్చినవాళ్ల పేరు, ఊరు, వాళ్లు చెప్పిన మాటలు రిజిస్టర్‌లో ఎక్కించు. రేపు రాద్దామనుకుంటే ఇక రాయవు.

తెరలను ఎండ పడే గోడకు తగిలించకు, రంగులు వెలిసిపోతాయి. ఎవరైనా ఉతికిస్తామంటే ఒప్పుకోకు. మాధవమాల ఊళ్లో చెక్కిన కొయ్యబొమ్మలొస్తే ముందు చెదలున్నాయేమో చూడు. పాత ఇత్తడి దీపాలను మీ అమ్మ చింతపండుతో తోముతానంటుంది. అత్త వద్దందని చెప్పు.

పోయిన పండక్కి కొత్త చొక్కానే ఉండచుట్టి పడేశావు, అందుకే ఇంత టెన్షన్. కోప్పడుతున్నానని బాధపడకు బంగారం. మన ఇంట్లో ఈ పనికి పూనుకున్నది నువ్వొక్కడివే.

వచ్చే నెల తిరుపతి నుంచి బస్సెక్కి వస్తాను. బట్టలంగడి వాళ్లను అడిగి లావాటి అట్టగొట్టాలు తెస్తాను. వాటికి ఉతికిన తెల్లగుడ్డ చుట్టి, పైన తెరను వదులుగా ఎలా చుట్టాలో పక్కన కూర్చుని నేర్పిస్తాను. అప్పటిదాకా ఏ పాత బట్టనూ విప్పకు.

మీ మేనత్త